32 సొనాటాలు, పదిన్నర గంటలు: ఏ సెట్టు ఎంచుకోవాలి?

ఆష్‌బర్న్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో పియానో ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. పిల్లలు కొన్నేళ్లు నేర్చుకున్నాక టీచరు ఓ రోజు బీథోవెన్ సొనాటా చేతిలో పెడుతుంది. ఇంట్లో మంచి రికార్డింగు వినిపించండి అని కూడా చెబుతుంది. తిప్పలు అక్కడ మొదలవుతాయి. యాప్ తెరిచి ‘మూన్‌లైట్ సొనాటా’ అని కొడితే తెర నిండా పేర్లే. ఎవరు పెద్దాయనో, ఎవరు నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడో తెలియదు. “ఇవన్నీ వినే ఓపిక లేదండీ, మొత్తం ఉన్న సెట్టు ఒక్కటి చెప్పండి చాలు” అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆఫీసులో రోజంతా అంకెలతో కుస్తీ పట్టేవాళ్లే. అందుకని అంకెలతోనే మొదలుపెడదాం.

బీథోవెన్ ఓపస్ నంబరు ఇచ్చిన పియానో సొనాటాలు 32. మొదటి మూడూ 1796లో ఓపస్ 2గా అచ్చయ్యాయి. చివరిది, ఓపస్ 111, 1822లో పూర్తయింది. ఆయన పుట్టింది 1770లో. మన త్యాగయ్య కంటే మూడేళ్లు చిన్న. అన్ని సొనాటాల మూవ్‌మెంట్లూ కలిపి లెక్కపెడితే నాకు 101 తేలాయి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి ఆగకుండా జారిపోయే భాగాలు కొన్ని ఉన్నాయి. వాటిని విడదీసే తీరును బట్టి ఈ లెక్క ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది. మొత్తం వినడానికి పట్టేది దాదాపు పది నుంచి పదకొండు గంటలు. సీడీల్లో అయితే ఎనిమిది నుంచి పది.

డేటా సెంటర్ల ఊళ్లో ఉన్నాం కాబట్టి ఆ లెక్కా చూద్దాం. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమా కుడీ రెండు చానళ్లు. అంటే సెకనుకు 14 లక్షల 11 వేల బిట్లు. పదిన్నర గంటలకు కడితే 6.7 గిగాబైట్ల దగ్గర తేలుతుంది. ఫోనులో ఓ మూలన పడి ఉంటుంది. ఇదే సంగీతం 1930లలో లక్క రికార్డుల మీద వచ్చినప్పుడు ఒక్కో వైపు నాలుగున్నర నిమిషాలే పట్టేది. పది గంటలకు ఎంత లేదన్నా 130 వైపులు దాటతాయి. వినేవాళ్లు అన్నిసార్లు లేచి ముల్లు మార్చాలి.

ఆ పని మొదట తలకెత్తుకున్న పియానో విద్వాంసుడు ఆర్తుర్ ష్నాబెల్. బీథోవెన్ పోయి నూరేళ్లయిన 1927లో బెర్లిన్‌లో ఏడు ఆదివారాలు వరసగా కూర్చుని 32 సొనాటాలూ వాయించాడు. రికార్డింగంటే మాత్రం ససేమిరా అనేవాడు. ఆయన్ను ఒప్పించింది హెచ్‌ఎంవీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఈ గైస్‌బర్గ్ ఎవరనుకున్నారు? 1902 నవంబరులో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసుకున్న మనిషి. మన దేశంలో గ్రామఫోను చరిత్ర మొదలయ్యేది ఆయనతోనే. పుట్టింది 1873లో వాషింగ్టన్‌లో, అంటే ఆష్‌బర్న్‌కు 35 మైళ్ల దూరంలో. కుర్రతనంలో అక్కడే పాటగాళ్లకు పియానో సహకారం వాయిస్తూ, గ్రామఫోను కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ దగ్గర పనికి కుదిరాడు.

1931 నవంబరులో లండన్‌లో అబీ రోడ్ స్టూడియో తెరిచారు. మరుసటి ఏడే ష్నాబెల్ అక్కడ పియానో ముందు కూర్చున్నాడు. 1935 దాకా పని సాగింది. మధ్యలో 1933లో హిట్లర్ అధికారంలోకి రావడంతో యూదుడైన ఆయన బెర్లిన్ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. రికార్డులను కొట్లో పెట్టి అమ్మలేదు. ‘బీథోవెన్ సొనాటా సొసైటీ’ పేరుతో ముందుగా చందాలు కట్టించుకుని సంపుటాలుగా పంపారు. అప్పట్లో టేపు లేదు, అతుకు వేసే వీలు లేదు. నాలుగో నిమిషంలో వేలు జారితే ఆ వైపంతా మళ్లీ వాయించాలి, లేదా తప్పుతో సహా ఉంచెయ్యాలి. ష్నాబెల్ చాలాచోట్ల ఉంచేశాడు. ఎక్కడ జారాడో కొత్తగా వినేవాళ్లకైనా తెలిసిపోతుంది.

ఏటా 25 రికార్డింగులను జాతి సంపదగా గుర్తించే అమెరికా జాతీయ జాబితాలోకి ఈ సెట్టు చేరినట్టు 2018లో ప్రకటించారు. ఆ జాబితాను నడిపే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన ధ్వని, చలనచిత్ర నిధిని వర్జీనియాలోనే, కల్పెపర్‌లో దాస్తుంది. ఆష్‌బర్న్ నుంచి కారులో గంట పైన పడుతుంది. ఒకప్పుడు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అణుయుద్ధానికి భయపడి నోట్ల కట్టలు దాచుకున్న బంకరు అది. 2007 నుంచి పాటలకూ సినిమాలకూ ఇల్లయింది. డబ్బు పెట్టిన చోట పాట పెట్టడం నాకు భలే నచ్చిన సంగతి.

ష్నాబెల్ తర్వాత సెట్లు వరదలా వచ్చాయి. డానియల్ బరెన్‌బోయిమ్ ఒక్కడే అయిదుసార్లు రికార్డు చేశాడు. మొదటిది 1966లో మొదలుపెట్టేటప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. అయిదోది 2020లో, కోవిడ్‌తో కచేరీలన్నీ ఆగిపోయిన రోజుల్లో, 77 ఏళ్ల వయసులో చేశాడు. ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్ మూడుసార్లు, విల్‌హెల్మ్ కెంఫ్ 1951–56 మధ్య మోనోలో ఒకసారి, 1964–65లో స్టీరియోలో ఇంకోసారి చేశారు. మౌరీత్సియో పొల్లీని 1975లో మొదలుపెట్టి 2014లో ముగించాడు, అంటే 39 ఏళ్లు. ఆయన పెట్టెలో ఒక డిస్కులో వాయించేది ముప్పైల్లో ఉన్న మనిషి, పక్క డిస్కులో డెబ్భై దాటిన మనిషి. ఇగోర్ లెవిట్ సెట్టు 2019లో వచ్చేనాటికి ఆయన వయసు సరిగ్గా 32.

సంపూర్ణం అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే కొనేవాళ్లు ముందు చూసేది అదే. ఎమిల్ గిలెల్స్ 1972 నుంచి మెల్లగా ఒక్కోటీ రికార్డు చేస్తూ వచ్చాడు. ఓపస్ 109, 110 రెండూ 1985లో పూర్తి చేశాడు. ఆ అక్టోబరులోనే పోయాడు. 32లో 27 అయ్యాయి, అయిదు మిగిలాయి. ఆ అయిదింటిలో చిట్టచివరి ఓపస్ 111 కూడా ఉంది. విల్‌హెల్మ్ బాక్‌హౌస్ స్టీరియోలో రెండోసారి చేసుకొస్తూ 1969లో కన్నుమూశాడు. ఒక్క ఓపస్ 106 మిగిలిపోయింది. అక్కడ పాత మోనో రికార్డింగు పెట్టి సెట్టు నింపారు. హంగరీ విదుషి అనీ ఫిషర్‌ది ఇంకో కథ. 1977–78లో మొత్తం రికార్డు చేసింది గానీ ఫలితం ఆవిడకు నచ్చలేదు. తాను బతికుండగా బయటికి రానివ్వలేదు. 1995లో ఆవిడ పోయాకే జనం విన్నారు. ఇప్పుడు చాలామంది విమర్శకులు ఎంచే సెట్లలో అదొకటి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని చెప్పుకుంటాం, రాగిరేకుల మీద మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. అందుకని అన్నమయ్యను తక్కువగా వింటున్నామా? 27 ఉన్న గిలెల్స్ పెట్టెను పక్కన పెట్టి, 32 ఉన్నాయి కదా అని ఏదో ఒకటి కొనుక్కోవద్దు.

ఇక వేగం. సెట్ల మధ్య తేడా అంకెల్లో పట్టిచ్చేది ఇదే. ‘మూన్‌లైట్’ మొదటి మూవ్‌మెంటు తీసుకోండి. మొత్తం 69 బార్లు, బారుకు నాలుగు దెబ్బలు చొప్పున 276. అందరికీ అలవాటైన పద్ధతిలో ఆరు నిమిషాల దగ్గర పడుతుంది. అంటే నిమిషానికి 46 దెబ్బలు, బాగా సాగదీసినట్టు. కానీ బీథోవెన్ రాసింది బారుకు రెండు పెద్ద దెబ్బలుగా లెక్కపెట్టే తాళం. అలా లెక్కపెట్టుకుంటే నడక దానంతటదే పెరుగుతుంది. ఆంద్రాష్ షిఫ్ ఈ మాట గట్టిగా పట్టుకుని అయిదు నిమిషాల లోపే ముగిస్తాడు. పైగా ఈ మూవ్‌మెంటంతా తీగల మీద అదుపు లేకుండా మోగనివ్వమని బీథోవెన్ సూచించాడు. షిఫ్ పెడల్ కూడా ఆ దారిలోనే వాడతాడు. మొదటిసారి వింటే స్వరాలు ఒకదాని మీద ఒకటి పొగలా కమ్ముకున్నట్టుంటుంది. మా ఇంట్లో ఇది పెడితే సగంమంది పరుగెడుతున్నాడంటారు, సగంమంది ఇన్నాళ్లకు ఊపిరాడిందంటారు. మీ ఇంట్లోనూ ఇదే జరిగితే మంచిదే, ఎవరి చెవి ఎటు మొగ్గుతుందో తెలిసిపోతుంది.

అసలు రగడ ఓపస్ 106 దగ్గర. దీన్నే ‘హామర్‌క్లావియర్’ అంటారు. 32 సొనాటాల్లో బీథోవెన్ తన చేత్తో మెట్రోనోమ్ అంకె ఇచ్చింది దీనికొక్కదానికే. మొదటి మూవ్‌మెంటుకు నిమిషానికి 138. బార్లు 405, మొదట్లో మళ్లీ వాయించాల్సిన సుమారు 120 కలిపితే 525. బారుకు రెండు దెబ్బలు కాబట్టి 1,050. దాన్ని 138తో భాగిస్తే ఏడున్నర నిమిషాల పైచిలుకు. మనుషుల చేతుల్లో అది పది, పదకొండు నిమిషాలవుతుంది. గిలెల్స్ పన్నెండు దాటిస్తాడు, అంటే సగటున నిమిషానికి 87 కూడా పడదు. ష్నాబెల్ తొమ్మిది నిమిషాల లోపే లాగించేస్తాడు. అందుకు చెల్లించిన మూల్యం తప్పు స్వరాలు. ఎవరిది ఒప్పు? కాగితం మీద ష్నాబెల్‌ది. గిలెల్స్ మాత్రం ప్రతి స్వరాన్నీ రాతిలో చెక్కినట్టు నిలబెడతాడు. వింటున్నంతసేపూ 138 అన్న అంకె నాకు గుర్తే రాదు.

నిడివి చూసి నిర్ణయానికి వచ్చే ముందు ఒక సంగతి సరిచూసుకోవాలి. బీథోవెన్ చాలా మూవ్‌మెంట్లలో మొదటి భాగాన్ని రెండోసారి వాయించమంటాడు. కొందరు వాయిస్తారు, కొందరు దాటేస్తారు. రెండు మూడు నిమిషాలు తగ్గాయంటే వేగం పెరిగిందనుకోవడానికి లేదు, తిరిగి వాయించడం మానేసి ఉండొచ్చు. ట్రాకు పక్కనున్న అంకెకు ఇది తెలియదు.

శ్రుతి సంగతి మనవాళ్లకు ఇంకా బాగా పట్టుబడుతుంది. పాత 78 రికార్డుల నుంచి డిజిటల్‌కు ఎక్కించేటప్పుడు తిప్పిన వేగం సరిగ్గా లేకపోతే శ్రుతి మారిపోతుంది. ఒక అర స్వరం పెరగాలంటే వేగం సుమారు 6 శాతం పెరగాలి. 3 శాతం పెరిగితే అందులో సగం. తంబురా పక్కన పెరిగిన చెవికి అది ఇట్టే దొరుకుతుంది. ష్నాబెల్ రికార్డులను వేర్వేరు కంపెనీలు వేర్వేరుగా ఎక్కించాయి, బరబర శబ్దాన్ని తొలగించే తీరులోనూ తేడాలున్నాయి. కాబట్టి పేరు ష్నాబెల్ అయినంత మాత్రాన అన్ని పెట్టెలూ ఒకటి కావు. శబ్దం మరీ ఎక్కువ కడిగేసిన ప్రతిలో పియానో గొంతు కూడా కొట్టుకుపోతుంది. నేనైతే కాస్త గరగర ఉన్నదాన్నే ఎంచుకుంటాను.

వాద్యం తేడా కూడా ఉంది. బీథోవెన్ కుర్రవాడిగా రాసిన సొనాటాలు అయిదు ఆక్టేవుల పియానోకు రాసినవి, అంటే 61 మెట్లు. 1817 చివర్లో లండన్ నుంచి బ్రాడ్‌వుడ్ కంపెనీ ఆయనకు కానుకగా పంపిన పియానోకు ఆరు ఆక్టేవులు. ఇవాళ మీ హాల్లో ఉన్నదానికి 88 మెట్లు. ఆ కాలపు పియానోల నకళ్ల మీద మొత్తం వాయించినవాడు డచ్చి విద్వాంసుడు రోనాల్డ్ బ్రౌటిగమ్. మొదటి సెట్టుగా ఇది వద్దు, రెండోదిగా తప్పక వినండి. కింది స్వరాలు బుసకొట్టకుండా పలుకుతాయి, వేగంగా పోయే చోట ప్రతి స్వరమూ విడివిడిగా వినపడుతుంది.

ఇంతవరకూ చెప్పిన అంకెలన్నీ జాబితాను కుదించడానికి పనికొస్తాయి. ఇరవై పేర్లను నాలుగు చేసుకోవచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఓపస్ 109 చివరి మూవ్‌మెంటు. 1820లో రాసిన ఈ సొనాటా స్వహస్త ప్రతి ఎక్కడుందో తెలుసా? వాషింగ్టన్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో. 2022 నవంబరులో ఆష్‌బర్న్ దాకా వచ్చిన సిల్వర్ లైన్ రైలెక్కితే మారకుండా క్యాపిటల్ సౌత్‌లో దిగి నడిచిపోవచ్చు. ప్రతిని అడగ్గానే చేతికివ్వరు లెండి. దాని ఛాయాప్రతి ముద్రణ 1965లోనే వచ్చింది. అందులో కొట్టివేతలు, అంచుల్లోకి పరుగెత్తిన గీతలు చూస్తే ఆ చెయ్యి ఎంత తొందరలో ఉందో అర్థమవుతుంది.

ఆ మూవ్‌మెంటులో ముందు పదహారు బార్ల చిన్న రాగం, ఎవరైనా పాడుకోదగ్గది. దాని మీద ఆరు వేరియేషన్లు. ఆరోది మన చెవికి చుట్టంలాంటిది. మొదట దెబ్బకు ఒక స్వరం. తర్వాత రెండు. ఆ తర్వాత మూడు, మన లెక్కలో తిశ్రం. తర్వాత నాలుగు. ఆపైన ఎనిమిది. చివరికి లెక్కకందని కంపితం, పాశ్చాత్య సంగీతంలో దాన్ని ట్రిల్ అంటారు. స్వరాలు ఇలా కాలం మీద కాలం ఎక్కుతుంటే కింద దెబ్బ మారకూడదు. మృదంగం నేర్చుకున్నవాళ్లకు, వర్ణం మూడు కాలాల్లో పాడినవాళ్లకు ఇది కొట్టిన పిండి. తిశ్రంలోకి దిగేటప్పుడు కాలప్రమాణం జారిందా, ఎనిమిదికి వెళ్లగానే చోటు చాలక దెబ్బ సాగిందా అన్నది వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పేరున్న రికార్డింగుల్లోనూ ఇక్కడ జారేవి ఉన్నాయి. కొందరు కావాలనే కొంచెం తోస్తారు, ఉద్వేగం పెరుగుతోంది కదా అని. పాశ్చాత్య సంగీతం వినే అలవాటున్నవాళ్లు దాన్ని తప్పు పట్టరు. నేను పడతాను. కంపితం ఎడతెగకుండా మోగుతుండగా పైన ఆ పాత రాగం చుక్క చుక్కగా వినపడాలి. ఆ తర్వాత అంతా అణిగి, మొదట విన్న పదహారు బార్లే మళ్లీ వస్తాయి. కింద కాలం నిలబెట్టిన చేతుల్లోనే అది ఇంటికి చేరినట్టనిపిస్తుంది.

వినేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు రికార్డింగులు పోల్చేటప్పుడు ధ్వని స్థాయి సమానంగా పెట్టుకోండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది, కారణం మాత్రం వాయించే మనిషి అనుకుంటుంది. కవరు మీద బొమ్మ, పేరు చూడకుండా ఇంట్లో వేరేవాళ్లను పెట్టమనడం ఇంకా మేలు. పిల్లలు ఈ పని సంబరంగా చేస్తారు, మనం బోల్తా పడితే మరీ సంబరం.

నా తీర్పు అడిగితే, మొదటి సెట్టుగా కెంఫ్. 1950ల మోనో దొరికితే అది, లేకపోతే స్టీరియో. పియానోను కొట్టడు, పాడిస్తాడు. హామర్‌క్లావియర్‌లో బలం చాలదని పేరుంది, నిజమే. కానీ 109 ఆరో వేరియేషన్‌లో కాలం నిలబడుతుంది, నెమ్మది మూవ్‌మెంట్లలో వీణ మీద వినే నిదానం ఉంటుంది. ఓపస్ 10లో మూడో సొనాటా నెమ్మది భాగం ఒక్కటి విన్నా చాలు, ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది. నిప్పు కావాలంటే అనీ ఫిషర్. నేర్చుకునే పిల్లలకు షిఫ్, ముఖ్యంగా ఆయన 2004–06లో లండన్ విగ్మోర్ హాల్లో సొనాటాకు ఒకటి చొప్పున ఇచ్చిన 32 ఉపన్యాసాలు. పియానో ముందు కూర్చుని వాయిస్తూ, నవ్విస్తూ చెబుతాడు. వాటిని ఉచితంగానే వినడానికి పెట్టారు. లెవిట్, పొల్లీని శుభ్రంగా వాయిస్తారు, మళ్లీ మళ్లీ పెట్టుకోవాలని మాత్రం నాకు అనిపించలేదు. మీకు అనిపించవచ్చు.

గిలెల్స్ కొనుక్కున్నవాళ్లకు ఆ లేని అయిదింటి సంగతి మిగులుతుంది. అవి ఒకటో సొనాటా, తొమ్మిది, 22, 24, 32. మొదటి నాలుగూ కెంఫ్ దగ్గర తీసుకోండి, ముఖ్యంగా 24వది. రెండే మూవ్‌మెంట్లు, పది నిమిషాల్లో అయిపోతుంది. 32వదానికి మాత్రం ష్నాబెల్ దగ్గరికే వెళ్లండి, ఆ గరగరతో సహా.